పడవ కోసం ఆడిన కబడ్డీ

నిర్మలాదేవి పోయిన రోజు వాగు నిండుగా పారుతోంది. పొద్దున పొయ్యిలోకి కట్టెలు తీస్తుంటే దొంతరలో ఉన్న పాము కరిచింది. గూడెం నుంచి టేకులపల్లి దవాఖానాకు పోవాలంటే వాగు దాటాలి. గూడెం కుర్రాడు భీమయ్య, ఇంకో ముగ్గురు ఆమెను మంచం మీద ఒడ్డు దాకా మోసుకొచ్చారు. కబురందుకున్న జీపు అవతలి ఒడ్డున ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. మధ్యాహ్నం దాకా నీళ్లు తగ్గలేదు. ఆమె భర్త చెంచురామయ్య, గూడెం బడి పంతులు, మంచం పక్కన కూర్చుని ఆ జీపునే చూశాడు. కాసేపటికి చూడాల్సిన అవసరం లేకుండా పోయింది.

పన్నెండో రోజున బసవపున్నయ్య పరామర్శకు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి పత్తి పొలాలు, ఎరువుల దుకాణం సంపాదించుకున్న మనిషి. టేకులపల్లిలో సేవా సంఘానికి అధ్యక్షుడు. అమ్మగారి పేరు మీద వాగుకు పడవ కొందామని, అందుకు కబడ్డీ పోటీలు పెట్టి చందాలు పోగుచేద్దామని చెప్పాడు. వచ్చే ఏడు వానలు మొదలయ్యేలోపు పడవ దిగాలి, అంతేనన్నాడు. పటం అడిగాడు. ఇంట్లో ఆమె పటం ఒక్కటే ఉంది. చెంచురామయ్య దాన్ని గోడ మీంచి తీసి ఇచ్చాడు. పోటీల బోర్డు కూడా తన చేత్తోనే రాశాడు.

మాఘమాసంలో టేకులపల్లిలో రెండు రోజులు ఆడారు. గూడేల ఆడవాళ్లు చీర కొంగు ముడి విప్పి చందా డబ్బాలో చిల్లర వేశారు. చిల్లర లేనివాళ్లు పక్కనున్న గోనె సంచిలో చింతపండు వేసి పోయారు. కొత్తగూడెం బొగ్గుగని క్వార్టర్ల జట్టును దాటుకుని ఎవరు గెలుస్తారని అందరూ అనుకుంటుండగా, భీమయ్య నాయకుడిగా గూడెం జట్టు ఫైనల్‌కు వచ్చింది.

ఫైనల్‌కు ముందు బసవపున్నయ్య మైకు అందుకున్నాడు. అమ్మగారి పటానికి మొదటి దండ వేసే భాగ్యం ఎవరిదో వేలంపాట అన్నాడు.

"నూట పదహార్లు. ఇంతేనా అండీ? మహాతల్లికి ఇంతేనా?"

పాట పెరిగింది. రైసుమిల్లు యజమాని వెయ్యి దాటించాడు. వెనక నుంచి అతని బావమరిది, "మా బావ పెళ్లిలో వేసిన దండకే ఇంకా బాకీ కడుతున్నాడండీ, ఈ దండ జోలికి రానీయకండి" అన్నాడు. షామియానా అంతా నవ్వింది. రెండు వేల నూట పదహార్లకు పాట ఆగింది. మిల్లు యజమాని దండ వేసి, చెయ్యి దండ మీదే ఉంచి, ఫొటో తీసేవాడి వైపు తిరిగాడు.

చెంచురామయ్య కూర్చున్న చోటు నుంచి చూశాడు. లేచి పటం తీసుకుపోవచ్చు. కానీ పడవ కావాలి.

గూడెం జట్టే గెలిచింది. బహుమతి అయిదు వందలు. కవరు భీమయ్య చేతికి ఇస్తూనే, ఆ డబ్బు కూడా పడవకే ఇస్తున్నారని బసవపున్నయ్య మైకులో ప్రకటించాడు. వాళ్లను ఎవరూ అడగలేదు. భీమయ్య పంతులు వైపు చూశాడు. చెంచురామయ్య తల ఊపాడు. భీమయ్య కవరు తిరిగి ఇచ్చేశాడు. చప్పట్లు మోగాయి.

ఆ తర్వాత షామియానా వెనక పెద్దలకు కోడి పలావు వడ్డించారు. మోకాళ్లు దోక్కుపోయిన గూడెం ఆటగాళ్లు మంచినీళ్లు తాగి వాగు వైపు నడిచారు. చెంచురామయ్య పటం కోసం వెళ్లాడు. ఎవరో దాన్ని బల్ల కిందికి నెట్టారు. దండ నలిగి ఉంది. అద్దం మీద ఎంగిలి విస్తరాకు, నమిలిన ఎముక. ఆయన వేలితో ఎముకను తోసి, పంచె అంచుతో అద్దం తుడిచాడు. నూనె అప్పటికే చట్రంలోంచి లోపలికి దిగింది.

పది రోజులాగి దుకాణానికి వెళ్లి పడవ మాట ఎత్తాడు. బసవపున్నయ్య తూకం మీంచి కళ్లు తిప్పలేదు.

"పాట డబ్బులు ఇప్పుడడిగితే ఎలా మాస్టారూ? చవితి పందిట్లో లడ్డూ వేలం పాడినవాడు ఎప్పుడు కడతాడు? మళ్లీ ఏడాది పండగకే కదా. ఇదీ అంతే. మీకు తెలియని పద్ధతా?"

తెలిసిన పద్ధతే. ఏటా చూస్తున్నదే. చచ్చిన మనిషి పటానికి కూడా అదే పద్ధతి వర్తిస్తుందని ఆయనకు తోచలేదు. మిగతా డబ్బు సంగతి అడిగితే, డబ్బాలోదీ, కవరులోదీ, చింతపండు అమ్మగా వచ్చిందీ షామియానాకు, మైకుకు, భోజనాలకు సరిపోయిందన్నాడు. వెళ్లబోతుంటే మజ్జిగ తాగి పొమ్మన్నాడు. చెంచురామయ్య తాగలేదు.

గూడెంలో భీమయ్య ఎదురొచ్చాడు. చెంచురామయ్య ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. విని భీమయ్య అన్నాడు.

"గట్లనా సారూ. మరి మా అయిదు నూర్లు గూడ వచ్చే యేడే ఇయ్యొచ్చుండె గద. నువ్వు తలూపితివి, ఇచ్చినం."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే చెంచురామయ్యకు బదులు చెప్పడం తేలికయ్యేది. పలావు తిన్నవాళ్లను తలచుకుంటే కలిగిన రోత, తన తల ఊపును తలచుకున్నప్పుడు కూడా అంతే కలిగింది.

ఆషాఢంలో వాగు నిండింది. పటం గోడకు ఉంది. కింది మూలన నూనె మరక ఉంది. వాగుకు పడవ రాలేదు.