గుమ్మం దగ్గర లోవరాజు

బెల్లం వండే రోజుల్లో లోవరాజు గానుగ పక్కనుంచి ఎవరు నడిచి వెళ్లినా పిలిచి చెరకురసం పోసేవాడు. తెలిసిన మనిషా కాదా అని చూసేవాడు కాదు. చెరకు గిట్టుబాటు కాక గానుగ ఆగిపోయాక అనకాపల్లిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సెక్యూరిటీ గార్డుగా చేరాడు. ఐసీయూ తలుపు దగ్గర డ్యూటీ. రోగి తాలూకు ఒక్కరినే లోపలికి పంపాలి, అదీ కాసేపే.

చేరిన కొత్తలో ఓ ముసలాయన చేతులు పట్టుకుని ఏడిస్తే లోపలికి వదిలేశాడు. వెనకే అందరూ తోసుకొచ్చారు. సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టి, "మొహాలు చూడకు. చూస్తే ఈ పని చెయ్యలేవు" అన్నాడు. అప్పటినుంచి ఎదుటివాళ్ల భుజం మీదుగా గోడకేసి చూస్తూ మాట్లాడడం నేర్చుకున్నాడు.

ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. భార్య కొండలమ్మ ఏదైనా చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి, "ఇప్పుడు కాదమ్మా, పక్కకి జరగండి" అనేవాడు. పెళ్లాన్ని పట్టుకుని అమ్మా, అండీ అంటున్నాడని మొదట్లో ఆమె నవ్వింది. పోనుపోను నవ్వు రాలేదు. పెళ్లిళ్లకి వెళ్లినా అతను కూర్చోడు, గుమ్మం పక్కన నిలబడతాడు.

మొన్న వానల్లో తల్లి బుల్లమ్మకి ఊపిరి అందలేదు. డాక్టరు చూసి, ఈ వయసులో ఇంక చేసేదేమీ లేదు, ఇంటి దగ్గరే ఉంచుకోమన్నాడు. మర్నాడు పొద్దున్నే బుచ్చయ్యపేట నుంచి చుట్టాలు ఆటో కట్టించుకుని వచ్చారు. ఇరుకు గది. జనం మూగేసరికి లోవరాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్కొక్కలే ఎల్లండి. అమ్మకి గాలాడాల."

అది సబబుగానే తోచింది అందరికీ. కానీ ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడేలోపే, "ఇంక సాలు, బయటికి రండి" అంటున్నాడు. వచ్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

మధ్యాహ్నానికి చెల్లెలు చిన్నమ్మలు రావికమతం నుంచి వచ్చింది. బస్సు దిగి పరిగెత్తిందేమో, రొప్పుతోంది. లోవరాజు చెయ్యి అడ్డంపెట్టాడు.

"లోపల మనిసున్నాది. బయట కూకోమ్మా."

"అన్నియ్యా, నేను సిన్నమ్మల్ని."

"తెలుసమ్మా. వంతొచ్చినాక పిలుత్తాను."

"మా అమ్మని సూడ్డానికి నాకు వంతేటన్నియ్యా?"

ఆ మాట అతనికి వినబడింది. ఎదురుగా ఉన్నది చెల్లెలనీ, ఇది తన ఇల్లనీ తెలుసు. చెయ్యి తియ్యాలనీ తెలుసు. కానీ తీస్తే అంతా ఒక్కసారి తోసుకొస్తారన్న భయం ఒంట్లో బిగుసుకుపోయి ఉంది. చెయ్యి కదల్లేదు. కొండలమ్మ వచ్చి, ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని దించింది.

"ఇది ఆస్పత్రి కాదు మావా. మనిల్లు."

చిన్నమ్మలు లోపలికి వెళ్లి తల్లి పక్కన కూర్చుంది. బుల్లమ్మ కళ్లు తెరిచింది.

"లోవరాజేడే?"

"గుమ్మంలోనే ఉన్నాడమ్మా."

"పొద్దుట్నించీ రానేదు."

కొండలమ్మ బయటికి వచ్చింది. "అత్త పిలుత్తన్నాది. ఎల్లు."

"అందరూ సూసీనాక ఎల్తాను."

"అందరూ సూసేరు. నువ్వే మిగిలేవు."

లోవరాజు లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు. "కూకోరా" అంది తల్లి. మంచం అంచున కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక ఆమె దుప్పటి సర్దాడు. తల్లి చెయ్యి అతని మోకాలి మీదికి వచ్చింది. దాన్ని పట్టుకోవాలనుకున్నాడు. అంతలో బయట మరో ఆటో ఆగింది. ఏడుపులు, గుమ్మంలో అడుగుల చప్పుడు. అతను లేచాడు.

"వద్దన్నియ్యా" అంది చిన్నమ్మలు.

"ఒక్క నిమసం. ఆల్లని ఆపీసి వత్తాను."

వచ్చినవాళ్లని గోడవారగా నిలబెడుతుండగా లోపలినుంచి చిన్నమ్మలు కేక వినబడింది. జనమంతా ఒక్కసారి లోపలికి పోయారు. అతను ఎవరినీ ఆపలేదు. తను మాత్రం వెళ్లలేక వాకిట్లోనే కూలబడ్డాడు.

చిన్నమ్మలు అన్నని ఒక్క మాటా అనలేదు. పెద్దకర్మ అయ్యాక అతను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు మాత్రం, "ఆ పని మానీ అన్నియ్యా" అంది.

"మానీసి ఏటి సెయ్యనే?"

చిన్నమ్మలు బస్సెక్కి, సంచీ ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేదాకా లోవరాజు అక్కడే నిలబడ్డాడు. మర్నాడు పొద్దుట డ్యూటీకి వెళ్లాడు.