చింతపండు కుండలో గంజాయి

ఆ ఆర్నెల్లూ ఎక్సైజు కానిస్టేబుల్ విజేందర్‌ను కుదురుగా అన్నం తిననివ్వనిది ఏ దొంగా కాదు, స్టేషన్ మూలన కూర్చున్న తూకం కాంటా. దాని పక్కనుంచి నడవాల్సి వస్తే గదంతా చుట్టి పోయేవాడు.

అంతా భీమయ్యతో మొదలైంది. దేవరకొండ అవతల చిన్న పల్లె ఆయనది. డెబ్బై ఏళ్ళుంటాయి. కంది సాళ్ళ నడుమ రెండు గంజాయి చెట్లు పెంచుకున్నాడు. ఎందుకయ్యా అంటే, "మోకాళ్ళ నొప్పులకు సారూ" అన్నాడు. మోకాళ్ళకో, మనసుకో ఆయనకే తెలియాలి. వేర్లతో సహా పీకి, ఇద్దరు సాక్షుల ముందు చేను గట్టు మీదే తూచారు. ఏడు కిలోలు. కాగితం మీద అదే రాశారు.

విజేందర్ ఆ పచ్చి చెట్లను యూరియా సంచిలో కుక్కుతుంటే, చేతులకు బేడీలున్న భీమయ్య ఊరుకోలేకపోయాడు.

"గట్ల కుక్కకు బిడ్డా. గాలాడకుంటే మురిగిపోతది."

"నీ పని నువ్వు చూస్కో తాతా!" అని గద్దించాడు విజేందర్. ముద్దాయి దగ్గర పాఠాలు నేర్చుకునేంత ఖర్మ పట్టలేదు గదా తనకు!

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ మంజుల సంచిని అతనికే అప్పజెప్పింది. "సరుకు నీ జిమ్మా, కాపాడే పూచీ నీదే. కోర్టుల తూకం తక్కువొచ్చిందో, నీ నౌకరి పోతది. ముందటాయన సంగతి యాదికుంది గద?"

యాదికి లేకేం? అంతకు ముందు పట్టిన సరుకు దాచే గది చూసుకున్నాయన తూకం తక్కువై నౌకరి పోయి, ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. విజేందర్ ఇంట్లో సర్కారు జీతమెత్తిన మొదటి మనిషి అతనే. తల్లి జానమ్మ ఊరోళ్ళ చేలల్లో పత్తి ఏరి ఏరి అతన్ని ఇక్కడిదాకా తెచ్చింది. ఈ నౌకరి పోతే ఆమెకు మొహం ఎలా చూపించాలి?

మూడో రోజు సంచిలో చెయ్యి పెడితే జ్వరమొచ్చిన ఒంటిలా కాలింది. అక్కడక్కడా తెల్లటి బూజు. భీమయ్య మాట చెంపమీద కొట్టినట్టు గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్టర్‌కు చెప్పి, సాక్షులను పిలిపించి, గదిలో నీడకు పరిచాడు. ఇక్కడే వచ్చింది అసలు చిక్కు. ఎండితే తూకం పోతుంది. ఎండకపోతే సరుకే పోతుంది. కుళ్ళిన ముద్దను కోర్టుకు తీసుకుపోయి ఏమని చూపిస్తాడు? చివరికి ఎండబెట్టడానికే గుండె దిటవు చేసుకున్నాడు.

ఎండిందనుకుని ఇనుప పెట్టెలో పెట్టాడు. తెల్లారి మూత తీస్తే లోపల నీటి చుక్కలు. మళ్ళీ ఆరబోసి గోనె సంచిలో కట్టాడు. ఎలుకలకు అంతకన్నా ఏం కావాలి, రెండు రోజుల్లో పిడికిలి పట్టేంత బొక్క చేశాయి. ఇక ఇంటికి పోయి చింతపండు కుండ అడిగాడు.

"గంజాయికా? నా కుండా?" జానమ్మ నెత్తి పట్టుకుంది. "ఆదివారం చర్చిల పాస్టరు ముందట ఏం మొహం పెట్టుకొని కూసుండాలె కొడుకా!" అంటూనే కుండ దులిపి ఇచ్చింది.

కుండలో నింపి, మూతికి గుడ్డ కట్టి, సాక్షుల సంతకాలతో లక్క ముద్ర వేశాడు. అన్నీ సరిగ్గా చేశాడు, ఒక్కటి తప్ప. ఎండిన సరుకును మళ్ళీ తూచి రాసుకోలేదు. ఎంత తగ్గిందో చూసే ధైర్యం లేక కాంటా జోలికే పోలేదు.

ఇరవై రోజులకు భీమయ్యకు బెయిలొచ్చింది. ప్రతి సోమవారం స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టేవాడు. పెట్టిన వెంటనే, చుట్టాలింట్లో వదిలిన ఆవును అడిగినట్టు, "ఎట్లుంది సారూ?" అనేవాడు. మొదట్లో కసురుకున్న విజేందర్, పోను పోను గొంతు తగ్గించి, "మా అమ్మ కుండల పెట్టిన తాతా" అని చెప్పాడు. "మంచి పని చేసినవ్" అన్నాడు భీమయ్య.

కోర్టు రోజు రానే వచ్చింది. ముద్ర విప్పి తూచారు. కిలోన్నర.

భీమయ్య వకీలు ఎగిరి లేచాడు. "ఏడు కిలోలని రాసుకున్నారు మేడమ్! మిగతా ఐదున్నర కిలోలు ఈ కానిస్టేబులే అమ్ముకున్నాడు. కేసే తప్పు!"

జడ్జి మేడమ్ విజేందర్ వైపు చూసింది. "ఎండింది మేడమ్" అన్నాడు. ఆ మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది. ఎండిన తూకం ఎక్కడ రాశావని అడిగితే, రాయలేదని ఒప్పుకున్నాడు. గుమ్మం దగ్గరున్న మంజుల తల దించుకుంది. అయిపోయింది, అనుకున్నాడు.

"మేడమ్, జర నా మాటినండి." బోనులోంచి భీమయ్య. వకీలు వద్దు వద్దని చేతులూపుతున్నా ఆగలేదు. "గా పిల్లగాడు ఆకు కూడ ముట్టలె. పచ్చిది ఏడు కిలోలుంటే ఎండినంక గింతనే అయితది. నాకు ఏ ఏడు చూసినా గింతనే ఎల్లింది."

వకీలు కుర్చీలో కూలబడ్డాడు.

"ఏ ఏడు చూసినానా?" అంది జడ్జి మేడమ్. "అంటే చెట్లు నీవేనని ఒప్పుకుంటున్నావా?"

"నావే మేడమ్. నేనే పెట్టిన. తప్పే. గాయన మీద దొంగతనం మాత్రం ఎయ్యకండి."

మేడమ్ చాలాసేపు కాగితాలు తిరగేసింది. చివరికి ముసలాయన వయసు, ఒప్పుకోలు చూసి, జైల్లో గడిపిన ఇరవై రోజులే శిక్ష అని తీర్పు చెప్పింది. కానిస్టేబుల్ తప్పేమీ కనబడలేదని కూడా రాయించింది. విజేందర్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టోపీ సర్దుకున్నట్టు చేసి తుడుచుకున్నాడు.

బయట చాయ్ బండి దగ్గర భీమయ్యకు గ్లాసు అందించాడు. గుండెల మీది బండరాయి దిగి, ఆర్నెల్ల తర్వాత చాయ్ తియ్యగా అనిపించింది.

"ఒప్పుకోకుంటే కేసు కొట్టేస్తుండె గద తాతా. నా కోసమని జైలుకు పోతవా?"

"మరేం జేద్దు? కాయకష్టం తెలిసినోడు ఒక్కడన్న నిజం చెప్పాలె గద. నాకు ఇరవై రోజులతోని పోయింది. నీకు నౌకరి పోతే?" భీమయ్య చాయ్ ఊదుకుని, సరుకు కోర్టుకు అప్పజెప్పి విజేందర్ వెనక్కి తెచ్చుకున్న ఖాళీ కుండ వైపు చూశాడు. "గది మల్ల మీ అమ్మకు ఇస్తవా?"

"గడప లోపలికి రానియ్యనన్నది."

"అయితే నాకియ్యి. కందులు పోసుకుంట."

విజేందర్ కుండ ఆయన చేతుల్లో పెట్టి, ఒక క్షణం వదల్లేదు.

"కందులే గద తాతా?"

"కందులే బిడ్డా," అన్నాడు భీమయ్య. "మల్ల నీ జిమ్మా ఎయ్యను."