విజిటర్ ట్యాగు పగ

మా పక్క కొక్కేనికి తాళాల గుత్తి ఉంటుంది. వాచ్‌మన్ ఐలయ్య నడుముకు వేలాడుతూ అన్ని అంతస్తులూ తిరిగొచ్చి, ఆ పూట నా చెవిలో ఊదింది: పైన ఎవరో విదేశీ పిల్ల చేత వారంగా జీతం లేకుండా పని చేయించుకుంటున్నారట, ఉద్యోగం మాత్రం ఇవ్వరట.

పగలంతా ఆ పిల్ల మెడలో వేలాడేది నేనే. నేను ఒక విజిటర్ ట్యాగును. కాటేదాన్‌లో ప్లాస్టిక్ కరిగించి పోస్తే పుట్టాను. మాదాపూర్‌లో ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు దగ్గర బతుకుతున్నాను. నన్ను వేసుకున్నవాళ్ళంతా నన్నెప్పుడు వదిలించుకుని ఉద్యోగి కార్డు తగిలించుకుందామా అని చూసేవాళ్ళే. దానికి నాకేం రోషం లేదు.

ఆ పిల్ల పేరు ఆమ్నా, దేశం సూడాన్. ఇక్కడే ఎంటెక్ చదివి, టోలిచౌకిలో ఉంటూ, తెలుగు దంచేసేది. ఫోన్లో అరబ్బీ మాటలు విని బదులు చెప్పే ప్రోగ్రాం తయారుచేయడం ఆమెకు పెట్టిన పరీక్ష. ఉద్యోగం దొరక్కపోతే నెలాఖరుకి చదువు వీసా గడువు తీరిపోతుంది, దేశం వదలాలి.

"బిడ్డా, ఇయ్యాలన్న కార్డిస్తరా?" అన్నాడు ఐలయ్య.

"ఇస్తే మీకే ముందు చూపిస్తా అంకుల్."

పని మొత్తం చేతికందాక హెచ్ఆర్ మేనేజర్ శశిభూషణ్ చల్లగా చెప్పాడు. "నీ పనికి వంక పెట్టలేమమ్మా. కానీ నిన్ను పెట్టుకుంటే వర్క్ వీసాకి మేం పూచీ పడాలి. ఆ తలనొప్పి వద్దంటున్నారు."

"వారం కిందటే నా పాస్‌పోర్టు చూశారుగా సార్?"

"పాస్‌పోర్టు చూశాం. పని చూడలేదుగా."

ఒక్కసారి నా తాడులో వాడి తల దూరితే చాలనుకున్నాను. ఆమ్నా నన్ను తీసి ఐలయ్య చేతిలో పెట్టి, తలెత్తకుండా వెళ్ళిపోయింది. తర్వాత మస్కట్ చేరిందని గుత్తే చెప్పింది. నేను పగ చల్లారనివ్వలేదు. శశిభూషణ్ కోసం ఎవరొచ్చినా వాళ్ళ చొక్కా గుండీకి చిక్కుకుని పీకేదాన్ని. ట్యాగుకి అంతకన్నా ఏం చేతనవుతుంది?

మరుసటేడు ఆమ్నా చేసిచ్చిన ఆ అరబ్బీ ప్రోగ్రాంనే మస్కట్‌లోని ఓ బ్యాంకు కొంటానంది. పరీక్షించి చూసే ఇంజనీరు వస్తున్నారని ఆఫీసంతా హడావిడి. ఆ పొద్దున ఐలయ్య నన్ను తీసి, "మళ్ళొచ్చినవా బిడ్డా," అంటూ ఆమ్నా చేతికిచ్చాడు.

మీటింగు గదిలో పెద్దలంతా కూర్చున్నారు. శశిభూషణ్ ఆమె మొహం చూశాడు, మెడలో నన్ను చూశాడు. మళ్ళీ ఉద్యోగం అడుక్కోవడానికే వచ్చిందనుకున్నాడు.

"సమయానికొచ్చావమ్మా. ఆ ప్రోగ్రాం లోపల ఏముందో ఇక్కడెవరికీ అంతుబట్టడం లేదు. ఈసారి వీసా సంగతి నేను చూసుకుంటా, ఇప్పుడే చేరిపో. బ్యాంకు మనిషి వచ్చేస్తారు."

ఆమ్నా కుర్చీ లాక్కుని వాళ్ళకి ఎదురుగా కూర్చుంది.

"బ్యాంకు మనిషిని నేనే. ఈ అరబ్బీ పని మీలో ఎవరు చేశారో వాళ్ళని పిలవండి, మాట్లాడాలి."