ఇంజను మీద నీళ్లు

కుళ్లాయప్ప తన బండిని లగేజీ ఆటోలో వేసుకొచ్చి కళ్యాణదుర్గంలో మెకానిక్ ఐజాక్ షెడ్డు ముందు దించేసరికి ఎండ నడినెత్తికెక్కింది. మొన్న కురిసిన వాన ఎర్రనేలలో ఎంతకాలం నిలుస్తుంది? రేపటికల్లా పదును ఆరిపోతుంది. సగం చేనులో ఇంకా వేరుశనగ విత్తనం పడనేలేదు.

ఎద్దులుంటే ఈ తిప్పలే లేవు. ఎండాకాలం మేత దొరక్క వాటిని అమ్మేశాడు. విత్తనం వేసే గొర్రును ఈ మోటార్ సైకిలు వెనక కట్టుకున్నాడు. ఊళ్లో సగం మంది చేస్తున్న పనే, ఈయనేం వింత చేయలేదు.

"ఎట్ల నిలిచిపోయినాదన్నా?" అడిగాడు ఐజాక్.

"పొద్దున్నుంచి మొదటి గేర్లోనే లాగుతాండా. ఉన్నట్టుండి దమ్ము పోయినాది. కిక్కు కొడితే కాలు ఊరికే జారిపోతాండాది."

ఐజాక్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రాన్ని బొటనవేలితో అదిమి, కిక్కు కొట్టమన్నాడు. కుళ్లాయప్ప ఒంట్లో బలమంతా పెట్టి కొట్టాడు.

"గాలి యాడుండాది? నా వేలిని తోసేయల్ల గదా. రింగులు పోయింటే సాయంత్రానికి ఇచ్చేస్తా. వాల్వు అయితే మాత్రం కష్టం."

రింగులే పోయి ఉండాలని కుళ్లాయప్ప దేవుడికి మొక్కుకున్నాడు. సొంత బండి రింగులు పోవాలని మొక్కుకునే మనిషి లోకంలో ఇంకొకడు ఉంటాడా!

ఐజాక్ రంధ్రంలో కాస్త ఆయిలు పోశాడు. అరిగింది రింగులే అయితే ఆయిలు ఆ సందులు మూస్తుంది, దమ్ము తిరిగి వస్తుంది. మళ్లీ కిక్కు కొట్టించాడు. వేలు కదల్లేదు. ఇంకొకసారి కొడతానన్నాడు కుళ్లాయప్ప. కొట్టాడు. ఊహూఁ.

ఈసారి గాలి పైపు ఆ రంధ్రంలో పెట్టి, "సైలెన్సరు కాడ చెవి పెట్టు" అన్నాడు ఐజాక్. లోపలినుంచి బుస్సుమని గాలి పోతోంది. మూసుకోవాల్సిన వాల్వు మూసుకోలేదు. ఆ మాట ఐజాక్ చెప్పక్కర్లేకపోయింది.

ఇంజను పైభాగం విప్పి వెలుతురుకు పట్టాడు. వాల్వు కూర్చునే చోట వెంట్రుకంత పగులు.

"ఉడుకుడుకు ఇంజను మీద నీళ్లు పోసినావా?"

లేదని చెప్పబోయి ఆగిపోయాడు కుళ్లాయప్ప. పోశాడు. తాగడానికి తెచ్చుకున్న నీళ్లు, బిందెడూ. ఎద్దు రొప్పుతుంటే వీపు మీద నీళ్లు పోయడం వాళ్ల నాయన నేర్పిన పని. పొగలు కక్కుతున్న ఇంజనును చూస్తే పాపమనిపించింది.

"ఎద్దులకు అట్లే పోస్తా ఉంటిమి" అన్నాడు.

ఐజాక్ తిట్టలేదు. నాలుగు తిట్టి ఉంటే ప్రాణానికి హాయిగా ఉండేది. "ఇది పనికిరాదన్నా. కొత్తది అనంతపురం నుంచి రావల్ల. రేపు ఆదివారం, అంగళ్లు తీయరు. సోమవారం సాయంత్రం రా."

సోమవారానికి చేను బండలా గట్టిపడుతుంది. ట్రాక్టర్ల వాళ్లకు ఫోన్లు చేశాడు. ఒక్కడూ ఖాళీ లేడు. సిగ్గు చంపుకుని, తన ఎద్దులను కొన్న ముత్యాలప్పకూ చేశాడు.

"మాదే ఇంగా కాలేదప్పా, ఎట్లిచ్చేది?" అంటూనే అవతల ముత్యాలప్ప ఎద్దులను అదిలించాడు. ఆ కేకకు కదిలి వెళ్తున్నవి తన ఎద్దులే. కుళ్లాయప్పకు ఏడుపొచ్చింది.

ఫోను జేబులో పెట్టుకోబోతుంటే మోగింది. భార్య గంగాదేవి.

"విత్తనాలకు మందు కలిపేసినా. మిగిలిండేవన్నీ. నువ్వొచ్చేలోపల నీడన ఆరతాయని."

మందు పట్టిన విత్తనాన్ని మనిషి తినకూడదు, పశువుకు పెట్టకూడదు, గానుగకు అమ్మకూడదు. పదునున్న నేలలో పడాలి, లేదంటే గుంట తీసి పూడ్చాలి.

"వింటాండావా? బండి లేచినాదా?"

ముక్కలుగా విప్పిన ఇంజనును చూడలేక రోడ్డు వైపు తిరిగాడు.

"లేచినాది. వస్తాండా" అన్నాడు కుళ్లాయప్ప, నిలబడ్డ చోటినుంచి కదలకుండా.