బొకే పట్టుకున్న పిల్ల

ప్రొద్దుటూరులోని ఆ డిగ్రీ కాలేజీ సెమినార్ హాల్లో ఉన్న మైకుకు ఒక గుణముంది. ప్రిన్సిపాల్ ఊదితే పలుకుతుంది, పిల్లలు ఊదితే కీచుమంటుంది. మూడేళ్లుగా బాగు చేయిస్తామంటున్నారు. ఈలోగా హాలుకు ఏసీ వచ్చింది, కొత్త కుర్చీలొచ్చాయి, వెనక గోడకు ‘మీ గొంతు వినిపించండి’ అని ఇంగ్లీషులో పెద్ద బోర్డు కూడా వచ్చింది. మైకు మాత్రం అట్లాగే ఉంది.

ఇంగ్లీషు లెక్చరర్ నారాయణకు ఆ మైకంటే ఒళ్లుమంట. అరవై మంది చేత ప్రెజెంటేషన్లు ఇప్పించాల్సింది ఆయనే. ప్రెజెంటేషన్ అంటే విద్యార్థి తనకు తెలిసిన సంగతిని తన మాటల్లో నలుగురికీ చెప్పడమని సిలబస్‌లో రాసి ఉంది. నారాయణ ఆ పేజీని శ్రద్ధగా చదివి, మడిచి, పక్కన పెట్టాడు. ‘నీటి విలువ’ మీద తనే ఒక ఇంగ్లీషు ప్రసంగం రాసి, జిరాక్సు తీయించి, అరవై మందికీ పంచాడు. మూడు రోజులు అరవైసార్లు అదే ప్రసంగం సాగింది. అరవైసార్లూ ఆయన ‘ఎక్సలెంట్’ అన్నాడు. రాసింది తనే కదా, ఎట్లా కాదంటాడు?

ఈ నారాయణది లింగాల దగ్గర పల్లె. యాడ, ఈడ అనే మాటల్ని వదిలించుకోవడానికి ఆయనకు పదేళ్లు పట్టింది. ఇప్పుడు ఇంట్లో కూడా ‘ఎక్కడ’ అంటాడు. “ఏమప్పా, సంగటి పెట్టమని అడుగుతాండావా, వార్తలు సదువుతాండావా?” అని భార్య ప్రమీలమ్మ ఎగతాళి చేస్తే, నాగరికత తెలియని మనిషని జాలిపడతాడు.

బయటి నుంచి తనిఖీ బృందం వస్తోందని తెలియగానే కాలేజీకి సున్నం వేశారు. పిల్లల్ని కూడా ఏరారు. పులివెందుల కాన్వెంటులో చదివిన భార్గవిని ప్రసంగానికి ముందుంచారు. ఇంగ్లీషు తడబడే ఇరవై మందికి ఆ రోజు సెలవిచ్చారు. కొండాపురం పునరావాస కాలనీ నుంచి రోజూ బస్సెక్కి వచ్చే ఫరహత్‌కు కూడా సెలవే ఇచ్చేవాళ్లు. కానీ బొకే ఇచ్చే అమ్మాయికి జ్వరమొచ్చింది.

“నువ్వు బొకే ఇచ్చి పక్కన నిలబడు. నోరు మాత్రం తెరవొద్దు. నీ ఇంగ్లీషు సరే, నీ తెలుగు వింటే వాళ్లు దడుచుకుంటారు” అన్నాడు నారాయణ.

“సరే సార్. ఊపిరి ముక్కుతోనే పీల్చుకుంటా” అంది ఫరహత్.

బృందంలో ఒక పెద్దావిడ ఉంది. భార్గవి ప్రసంగమంతా కళ్లు మూసుకుని విని, తెలుగులో అడిగింది: “బాగుందమ్మా. మీ జిల్లాలో రిజర్వాయర్ కట్టారు కదా, ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు ఇప్పుడెట్లా ఉన్నారు?”

భార్గవి తెల్లబోయింది. జిరాక్సులో ఆ సంగతి లేదు. తెలివైన పిల్ల కాబట్టి మళ్లీ మొదటి నుంచి అందుకుంది: “గుడ్ మార్నింగ్ టు వన్ అండ్ ఆల్...” ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టలేదు.

“నేను చెప్తా మేడం” అని పక్క నుంచి ఫరహత్ గొంతు వినిపించింది. మైకు లేదు, అవసరమూ పడలేదు. “మాది ఆ నీళ్ల కింద ఉండే ఊరే. నీళ్లు వద్దని మేం ఎప్పుడూ అన్లా. పొలాలకు నీళ్లొస్తే సంతోసమే. మా అబ్బా ఊరిడిసి వచ్చేటప్పుడు ఇంటి తలుపు ఊడబెరుక్కోనొచ్చినాడు. శానా పెద్ద తలుపు. కాలనీలో కట్టిన ఇంటికి అది పట్టలా. ఇప్పుడు నాలుగు రాళ్ల మీద ఏసి, దాని మీదనే పండుకుంటాడు. మిద్దెక్కితే రిజర్వాయర్ కనపడతాది మేడం. కొళాయిలో మాత్రం రెండ్రోజులకోసారి వస్తాయి. నీటి విలువ అడిగితే మా అమ్మ మసరత్ చెప్తాది. ఆమెకు ఇంగ్లీషు రాదు.”

పెద్దావిడ ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో ఎవరికీ తెలియదు. అదే ప్రిన్సిపాల్‌కు నిద్ర పట్టకుండా చేసింది.

మరుసటి రోజు ప్రిన్సిపాల్ నుంచి ఆర్డరు వచ్చింది. ఫరహత్ ఇంగ్లీషులో క్షమాపణ పత్రం రాసివ్వాలి, లేకుంటే హాల్ టికెట్ ఇవ్వరు. పత్రం రాయించి, కింద తన సంతకం కూడా పెట్టి, రేపు పదింటికల్లా అందించాల్సిన బాధ్యత నారాయణది.

సాయంత్రం స్టాఫ్ రూములో ఆయన చెబుతుంటే ఫరహత్ రాసింది. “రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ సారీ ఫర్...”

పెన్ను ఆగింది. “ఫర్ ఏంది సార్?”

నారాయణ ఆలోచించాడు. అబద్ధం చెప్పినందుకా? చెప్పలేదు. ఎవరినైనా తిట్టినందుకా? తిట్టలేదు. ఇంగ్లీషు వ్యాకరణమంతా వెతికినా ఆ పిల్ల తప్పుకు పేరు దొరకలేదు. చివరికి గోడ వైపు చూస్తూ, “ఫర్ స్పీకింగ్” అన్నాడు.

ఫరహత్ తప్పు లేకుండా రాసింది. రాసి, తలెత్తింది. ఆ కళ్లలో నీళ్లు లేవు, నిప్పుంది.

“అంటే మాట్లాడినందుకు అనేనా సార్? మీరు మార్కులేసేది దానికే గదా? జిరాక్సు చదివినోళ్లకు పదికి పది. మా ఇంటి సంగతి చెప్పిన నాకు ఈ కాయితం. మా ఊరిని నీళ్లల్లో ముంచితిరి, సరే. ఇంగ నా నోరు గూడ ముంచల్లంటే కాదు సార్.” పెన్ను మూత పెట్టి లేచింది.

“యాడికి పోతాండావు పాపా? కూచ్చో!”

అన్నాక ఆ మాట నారాయణకే వినిపించింది. ఆ కాలేజీలో ఆయన సొంత నోటితో అన్న మొదటి మాట అదే. ఫరహత్ ఆగింది, కానీ కూర్చోలేదు. “సంతకం పెట్టను సార్” అని చెప్పి, కొండాపురం బస్సుకు వెళ్లిపోయింది.

పదకొండేళ్ల ఉద్యోగంలో నారాయణకు మొదటిసారి తన మీద తనకే కోపమొచ్చింది. తను నేర్పింది మాట్లాడటం కాదు, ఇంకొకరి మాటను తప్పుల్లేకుండా అప్పజెప్పి నోరు మూసుకోవడం. సొంత మాటకు సిగ్గుపడమని నేర్పేది చదువు కాదు, బానిసత్వం. ఈ ముక్క ఆయనకు స్పష్టంగా అర్థమైంది. అర్థమైనా పత్రం చింపలేదు. ఇంట్లో ఈఎంఐలున్నాయి, ప్రిన్సిపాల్ కోపిష్ఠి.

అందుకే అయ్యా, అమ్మా, చదువుతున్న మిమ్మల్నే చేతులెత్తి అడుగుతున్నాను. సంతకం లేని ఆ కాగితం ఇప్పుడు ఆయన బల్ల మీదే ఉంది. ఫరహత్ పెట్టదు. కింద ఈయన పెట్టాలా, పైనున్న ఆ వాక్యాన్ని కొట్టేసి ప్రిన్సిపాల్ ముందు సొంత నోరు తెరవాలా? రేపు పదింటిలోపల ఏదో ఒక సలహా చెప్పండి. ఇంగ్లీషులోనే చెప్పనక్కర్లేదు. మీ ఇంట్లో ఎట్లా మాట్లాడతారో అట్లే చెప్పండి, ఆయనకు బాగానే అర్థమవుతుంది.