మూడు బల్లల మీద ఒకే తప్పు

ఆ శుక్రవారం పొద్దున్నుంచీ జ్ఞానప్రసూనకు కాలు ఒకచోట నిలవలేదు. ల్యాబ్‌లో కూర్చుంటే గ్రీన్‌హౌస్ గుర్తుకొస్తుంది, గ్రీన్‌హౌస్‌కు వెళితే ల్యాబ్‌లో కంప్యూటర్ గుర్తుకొస్తుంది. రెంటికీ మధ్య ఉన్న పార్కింగ్ లాట్‌లో అటూ ఇటూ తిరుగుతుంటే, కారు తాళాలు పోయాయా అని సెక్యూరిటీ అతను అడిగాడు. లేదంది. పోయినవి తాళాలే అయితే ఎంత బాగుండు అనుకుంది.

ఆమె పని కర్రపెండలం మొక్కలకు జబ్బు తెప్పించడం. గుంటూరులో చుట్టాలకు ఈ మాట చెబితే, పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్ళింది ఇందుకా అని నవ్వుతారు గానీ, పని మాత్రం అదే. ఆఫ్రికాలో కోట్లమందికి కర్రపెండలం దుంపే అన్నం. దానికి మొజాయిక్ వైరస్ పట్టిందంటే ఆకులు ముడుచుకుపోతాయి, పసుపు మచ్చలు తేలతాయి, దుంప ఊరదు. ఉగాండాలో నకాటో అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి కష్టపడి ఆ వైరస్‌కు లొంగని ఒక రకాన్ని తయారు చేసింది. దాన్ని రైతులకు పంచే ముందు, వైరస్ ఎప్పటికైనా దాన్ని లొంగదీసుకుంటుందా అన్నది తేల్చాలి. ఆ తేల్చే పని నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్ పక్కనున్న ఈ ల్యాబ్‌కు వచ్చింది.

వైరస్ తన నకలు తాను రాసుకుంటూ తప్పులు చేస్తుంది. అందులో చాలా తప్పులు ఎందుకూ కొరగావు. ఎప్పుడో ఒకటి కలిసొస్తుంది. ఆ తప్పున్న వైరస్ మొక్కను గెలుస్తుంది, ఇక దాని సంతానమే మిగులుతుంది. ప్రసూన గ్రీన్‌హౌస్‌లో ఒకే గదిలో మూడు బల్లల మీద మూడు గుంపులుగా మొక్కలు పెట్టి, ఒక మొక్కలోని వైరస్‌ను తర్వాతి మొక్కకు ఎక్కిస్తూ, అలాంటి తప్పు కోసం ఏడాదిగా కాచుక్కూర్చుంది. ఒక బల్ల వైరస్‌కు ఇంకో బల్ల వైరస్‌తో ఏ సంబంధమూ ఉండకూడదన్నది షరతు.

డిసెంబరులో మొదటి బల్ల మీద ఆకులు ముడుచుకున్నాయి. 2010 జనవరిలో మిగతా రెండు బల్లలూ అదే దారి పట్టాయి. మూడింట్లోనూ వైరస్ జన్యువులో మారింది అదే అక్షరం. బాస్ ఎలెన్ కుర్చీలోంచి లేచి వచ్చి ప్రసూనను కౌగిలించుకుంది. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిన ముగ్గురూ ఒకే చోట తేలారంటే, ఆ దారి వైరస్‌కు అంత సులువన్నమాట. సోమవారం నకాటోకు ఫోన్‌లో చెప్పి మొక్కల పంపిణీ ఆపించాలి. ఆ తర్వాత పెద్ద పత్రికలో పేపర్, ఈ ఫలితం గురించి విని ఇప్పటికే పిలిచిన యూనివర్సిటీలో ఇంటర్వ్యూ, ఆ ఉద్యోగంతో వీసా.

ఈ పొద్దున ప్రసూనకు ఇంకో అక్షరం కనబడింది. అదీ మారింది. దానివల్ల వైరస్‌కు లాభమూ లేదు, నష్టమూ లేదు, ఊరికే దొర్లిన తప్పు. అదీ మూడు బల్లల మీదా ఒకటే.

వాళ్ళ నాన్న వేసవిలో ఇంటర్ పేపర్లు దిద్దేవారు. ముగ్గురు పిల్లలు సరైన జవాబు రాస్తే చదివారనుకోవచ్చు, ముగ్గురూ ఒకే పిచ్చి తప్పు రాస్తే మాత్రం కాపీ కొట్టినట్టేనని నవ్వేవారు. ప్రసూనకు నవ్వు రాలేదు. వైరస్ మారింది ఒక్క బల్ల మీదే. మిగతా రెంటికీ అది నడిచి వెళ్ళలేదు, తెల్లదోమ మోసుకెళ్ళింది. తెల్లదోమను వెంటబెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళిన మొక్క సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, ఆమెకూ ఆమె మొగుడు ఫణికీ.

అక్టోబరులో చలి ముదరబోతోందనగా, ఫణి బాల్కనీలో పెంచుకున్న గోంగూర కుండీ మీద బెంగ పెట్టుకున్నాడు. వరంగల్ మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారానికొకసారి ఆ పులుపు నాలిక్కి తగలకపోతే ముద్ద దిగదు. మీ గ్రీన్‌హౌస్‌లో ఓ మూల పెట్టమని ప్రాణం తీశాడు. బయటి పచ్చని ఆకు ఏదీ లోపలికి రాకూడదన్నది అక్కడి నియమం. ప్రసూనకు తెలియదా? తెలుసు. సబ్బునీళ్ళతో ఆకులు కడిగి, అడుగువైపు తిప్పి చూసి, ఏమీ లేవని నమ్మి, కిరాణా సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళింది. డిసెంబరులో, పురుగులు పడితే తెలియడానికి వేలాడదీసే జిగురు పూసిన పసుపు కార్డుకు నాలుగు తెల్లదోమలు అతుక్కుని కనబడ్డాయి. కుండీ తీసి పారేసి, మందు కొట్టి, కొత్త కార్డు వేలాడదీసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది.

మధ్యాహ్నం ఫణి డబ్బాలో అన్నం పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ కార్‌లో కూర్చున్నారు.

"పొద్దున్నే ఏమ్ తినకుండనే పోయినవ్. గట్ల కాళ్ళు ఊపుతున్నవేంది? తిను."

"ఫణీ, ఆ గోంగూర కుండీ..."

"పుంటికూర," అని అలవాటుగా తన వైపు పేరుతో సరిదిద్ది, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

అంతా విన్నాక అడిగాడు. "ఎవరన్న చూసిన్రా?"

"లేదు."

"మరింకేంది? కుండీ ఎప్పుడో పారేసినం. వచ్చే నెల్లనే ఇంటర్వ్యూ. నీ వీసా ఎక్స్‌పైరీ యాదున్నదా లేదా? ఆ రెండో అక్షరం మీ బాస్ చూడలే, ఇంకెవరు చూస్తరు?"

"నేను చూశాను కదా! అసలు మూడుసార్లు ఓడనే లేదు ఫణీ ఆ మొక్క. ఒక్కసారే ఓడింది. సోమవారం మేం ఫోన్ చేసి, నీ రకం పనికిరాదు, ఆపెయ్ అని ఆవిడకు చెప్తాం. రైతుల నోటిదగ్గర కూడు లాగేస్తాం. నా కుండీ వల్ల."

ఫణి డబ్బా మూత పెట్టేశాడు. చాలాసేపు స్టీరింగ్ మీద గోళ్ళతో గీకాడు.

"నీ కుండీ కాదు, నాది," అన్నాడు చివరికి. "సతాయించింది నేనే గదా. పో, చెప్పు. నేను ఈడనే ఉంట."

అంతా విని ఎలెన్ అరవలేదు. అరిచినా బాగుండేది. మొహం ఎర్రబడి, రెండు చేతులూ బల్లమీద ఆనించుకుని, అన్ని మొక్కలనూ సాయంత్రానికల్లా కాల్చేయమంది. పేపర్ లేదంది. ఇంటర్వ్యూకు తను రాసిచ్చిన సిఫారసు వెనక్కి తీసుకోక తప్పదంది. నకాటోకు మాత్రం నువ్వే చెప్పాలంది. ప్రసూన తలూపింది. బయటికి వచ్చి ఫణి భుజం మీద తల పెట్టుకుని ఏడిస్తే, ఫణికి కూడా ఏడుపొచ్చింది.

శనీ ఆదివారాలు ఆమె ఇంట్లో ఏ కుర్చీలోనూ కుదురుగా కూర్చోలేదు. సర్దిన అలమారే మళ్ళీ సర్దింది. ఒక్క ఊరట మాత్రం ఉంది. ఉద్యోగం పోతే పోయింది, ఆ మొక్క బతుకుతుంది. ఆ మాట నకాటోకు ఎలా చెప్పాలో ఇంగ్లీషులో పదిసార్లు వల్లెవేసుకుంది.

సోమవారం స్పీకర్‌ఫోన్ ముందు ఎలెన్ పక్కన కూర్చుని చెప్పింది. కుండీ సంగతి, దోమల సంగతి, అన్నీ. "క్షమించండి. మీ రకం మూడుసార్లు ఓడలేదు, ఒక్కసారే. మీరు ధైర్యంగా రైతులకు పంచవచ్చు."

అటువైపు నుంచి నకాటో అడిగింది. "ఆ ఒక్కసారి మాత్రం నిజంగానే ఓడింది కదా?"

"అవును."

"ఆ మొదటి బల్ల నుంచి మిగతా రెండు బల్లలకు వైరస్ చేరడానికి ఎంత కాలం పట్టింది?"

ప్రసూన ఈ ప్రశ్న ఊహించలేదు. "నెల... నెల కూడా పట్టలేదు."

"దోమలు ఎన్ని?"

"కార్డు మీద నాలుగు. గదిలో ఇంకొన్ని ఉండుంటాయి."

"మా చేలో ఒక్క కొమ్మ కదిలిస్తే అవి పిండి చల్లినట్టు లేస్తాయి," అంది నకాటో. "ఇక్కడ వైరస్ మూడుసార్లు మారక్కర్లేదు. ఒక్క మొక్కలో మారితే చాలు, మిగతా పని వాటిదే." ఆ గొంతులో కోపం లేదు. "పంపిణీ ఆపేస్తున్నాను. నిజం చెప్పినందుకు థాంక్స్."

ఆ థాంక్స్ ప్రసూన తట్టుకోలేకపోయింది. స్పీకర్‌ఫోన్ ముందే వెక్కివెక్కి ఏడ్చింది. ఎలెన్ ఫోన్ పెట్టేయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అటువైపు నకాటో కూడా ఏడుస్తోంది.