అరచేతులు విప్పే ముందు

బెగిమై రాసిచ్చిన కాగితాన్ని బుర్మాకన్ వారం రోజులుగా జేబులోంచి తీస్తోంది, చదువుకుంటోంది, మళ్లీ మడిచి పెట్టుకుంటోంది. ఎక్కువేం లేదు, పదకొండు వాక్యాలు. “నేను చోల్పోన్ తల్లిని” అనే మొదటి వాక్యం కంఠతా వచ్చేసింది. రెండోది మాత్రం ఎన్నిసార్లు చదివినా గొంతు దాటడం లేదు. “డ్రైవరు అజాగ్రత్త నా బిడ్డను తీసుకుపోయింది.”

బెగిమై జిల్లా కేంద్రం నుంచి వచ్చిన పిల్ల. రోడ్డు ప్రమాదాల గురించి ఊరూరా తిరిగి చెప్పడం ఆమె పని. కొండల్లోని నరీన్ దారి పొడుగునా తిరిగాక ఆమెకొక సంగతి అర్థమైంది. మగవాళ్లు పోలీసు మాట వినరు, గోడ మీది బొమ్మలు చూడరు. కానీ ఇంట్లో పెద్దామె బయటికొచ్చి, అరచేతులు విప్పి, దారి తెల్లగా, క్షేమంగా ఉండాలని బాతా, అంటే దీవెన, ఇచ్చేదాకా ఏ బండీ కదలదు. అందుకని ముసలమ్మలనే పట్టుకుంది. బెల్టు కొక్కెం టక్కుమన్నాకే చేతులు విప్పండి అమ్మా, అంతవరకూ విప్పకండి అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. శుక్రవారం బడి హాల్లో సభ ఉందనీ, అందులో బుర్మాకన్ మాట్లాడాలనీ అడిగింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి చెబితే ఎవరు కాదంటారు?

బుర్మాకన్ సరేనంది.

రెండేళ్ల కిందట, మార్చిలో, ఇంకా మంచు కరగని రోజుల్లో, చోల్పోన్ సెలవు అయిపోయి పట్నంలో ఉద్యోగానికి తిరిగి బయలుదేరింది. పక్కింటి కాదిర్ బండి తెచ్చి గేటు ముందు ఆపాడు. కాదిర్ బుర్మాకన్ భర్తకు పినతండ్రి కొడుకు, ఆమెకు మరిది వరస. చోల్పోన్ ముందు సీట్లో కూర్చుని బెల్టు లాక్కుంది.

“ఏంటే పిల్లా, బాబాయ్ మీద నమ్మకం లేదా?” అని కాదిర్ నవ్వాడు. నవ్వాడు గానీ మొహం చిన్నబోయింది. ఆ ఊళ్లో ఎవరి బండెక్కి బెల్టు పెట్టుకున్నా ఆ మనిషిని చేతగానివాడన్నట్టే లెక్క.

బుర్మాకన్ కిటికీలోకి వంగింది. సొంత బాబాయిని చిన్నబుచ్చుతావా అని కూతుర్ని మందలించి, తన చేత్తోనే బెల్టు తప్పించి వదిలేసింది. అది సర్రున లోపలికి పోయింది. తర్వాత ఆ చేతులే విప్పి బాతా ఇచ్చింది. దుమ్మూ మంచూ కలిసిన దారిలో బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. చోల్పోన్ వెనక్కి తిరిగి చెయ్యూపిందో లేదో ఆమెకు ఇప్పటికీ గుర్తు రాదు.

కనుమ మీద బండి జారింది. కాదిర్‌కు భుజం ఎముక విరిగింది, అంతే. బెల్టు ఉండుంటే అమ్మాయి తన కాళ్ల మీద నడిచొచ్చేది అని డాక్టరు అన్నాడు.

ఊరు కాదిర్‌ను ఏమీ చెయ్యలేదు. విందుకు పిలవడం మానేసిందంతే. అతను కూర్చున్న బల్ల మీద పక్కన ఎవరూ కూర్చోరు. అతను బండిని షెడ్డులో పెట్టి పట్టా కప్పేశాడు. బెల్టు మాట మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇవాళ చెప్పేస్తాడు, రేపు చెప్పేస్తాడు అని బుర్మాకన్ రెండేళ్లు ఎదురు చూసింది. చెప్పకపోయేసరికి, దేవుడు క్షమించాలి, అతని మీద ఆమెకు కోపం కూడా వచ్చింది.

సభకు ఊరంతా వచ్చింది. బెగిమై ఒక వాలుబల్ల తెచ్చింది. దాని మీద కుర్చీ, కుర్చీకి బెల్టు. కుర్చీ జారి అడుగున ఆగిపోతుంది, అంతే ఆట. కసాయి సతార్ ముందుకొచ్చి, ఇంతోటి దానికి బెల్టెందుకని నవ్వుతూనే ఎక్కి బిగించుకున్నాడు. కింద టప్పున ఆగేసరికి టోపీ ఎగిరి మూడో బల్ల దగ్గర పడింది.

“ఎంత వేగంతో పోయానమ్మాయ్?” అన్నాడు లేచి, తెల్లబోయిన మొహంతో.

“గంటకు పది కిలోమీటర్లు, అన్నా. మీ గాడిద ఇంతకంటే జోరుగా పోతుంది.”

హాలంతా నవ్వింది. ఆ నవ్వు సద్దుమణగకముందే బుర్మాకన్‌ను పిలిచారు.

లేచి కాగితం విప్పింది. కాదిర్ వెనకాల తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, బల్లలు ఖాళీగా ఉన్నా. పక్కన అతని భార్య ఊల్కాన్. మొదటి వాక్యం చదివింది. రెండోదాని దగ్గర ఆగిపోయింది. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

“పిల్ల బెల్టు పెట్టుకుంది. నేనే తీయించాను. మరిది చిన్నబుచ్చుకుంటాడని నా చేత్తోనే తీశాను. మీరంతా అతన్ని అంటుంటే రెండేళ్లు వింటూ కూర్చున్నాను.”

జనం ఆమె వంక చూడలేక ఒళ్లో ఉన్న చేతుల వంక చూసుకున్నారు. ఊల్కాన్ మాత్రం సూటిగా చూసింది.

“నా పిల్లల్ని బడిలో హంతకుడి పిల్లలన్నారక్కా. ఏడ్చుకుంటూ ఇంటికొస్తే గోడవతల నువ్వు రొట్టెలు కాలుస్తున్నావు. విన్నావా లేదా?”

“విన్నాను.”

కాదిర్ తన భార్య చెయ్యి పట్టుకుని పద అన్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, “ఆ రోజు నమ్మకం లేదా అని మొదలెట్టింది నేనే వదినా” అని నేల వంక చూస్తూ చెప్పి వెళ్లిపోయాడు.

బుర్మాకన్ ఫోటో, దాని కింద ఆ రెండో వాక్యం అచ్చేసిన పోస్టర్లు బెగిమై సంచిలో ఉన్నాయి. వాటిని అంటించాలో వద్దో తెలియక నిలబడింది. అంటించమనీ, కింది వాక్యం మాత్రం మార్చమనీ బుర్మాకన్ చెప్పింది. ఇంటికి దింపుతానంటే వద్దని నడిచే వెళ్లింది. ఎదురుపడ్డవాళ్లు సలాం చెప్పారు గానీ ఆగలేదు. కాదిర్ రెండేళ్లుగా ఈ దారినే ఇలాగే నడిచాడని అప్పుడు తెలిసింది.

పదిరోజులకు గేటు ముందు బండి చప్పుడైంది. పట్టా తీసేసిన కాదిర్ బండి. ఊల్కాన్ ముందు సీట్లో ఉంది, మొహం దారి వైపే పెట్టుకుని. కాదిర్ అద్దం దించి, పట్నం పోతున్నామని చెప్పి, “బాతా ఇవ్వు వదినా” అన్నాడు. ఊల్కాన్‌కు ఇష్టం లేదని ఆమె కూర్చున్న తీరే చెబుతోంది. కానీ పెద్దామె గడప ముందు నుంచి దీవెన తీసుకోకుండా పోవడం ఎరగరు వాళ్లు.

బుర్మాకన్ చేతులు కోటు జేబుల్లోంచి బయటికి రాలేదు. కిటికీ దగ్గరికి వెళ్లడానికీ ధైర్యం చాలలేదు. ఊల్కాన్ ఆమె వంక తిరగకుండానే బెల్టు లాగి టక్కున బిగించింది. తర్వాత కాదిర్‌ది టక్కుమంది.

అప్పుడు బుర్మాకన్ చేతులు తీసి విప్పింది. పెదవులతోనే బాతా ఇచ్చింది. కాదిర్ రెండు అరచేతులతో మొహం తడుముకుని, దీవెన అందుకున్నట్టు “ఒమీన్” అన్నాడు. ఊల్కాన్ అనలేదు.

బండి మలుపు తిరిగేదాకా బుర్మాకన్ ఆ చేతులు దించలేదు.